రసీన్ తెలుగు సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు సర్వసభ్య సమావేశంలో చాలామంది అడిగింది ఒకటే. పండగలు ఎలాగూ చేసుకుంటాం, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు ఇంట్లో కూర్చుని విసిగిపోకుండా ఏదైనా చెయ్యండి అని. శనివారం వస్తే చికాగోకో మిల్వాకీకో పరుగెత్తడం మనకు అలవాటైపోయింది. మిషిగన్ సరస్సు ఒడ్డున, విస్కాన్సిన్‌లోని మన చిన్న ఊళ్లోనే చూడాల్సినవి ఎన్ని ఉన్నాయో ఈ ఏడాది కార్యవర్గానికే బాగా తెలిసొచ్చింది. ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. వంటల దగ్గర నిలబడ్డ ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు. మిగతా నివేదికంతా ఊరు చూసిన సంగతులే.

పెద్దవాళ్లను అన్నిటికంటే కదిలించింది హార్లిక్స్. ఇంగ్లండ్ నుంచి వచ్చిన జేమ్స్, విలియం హార్లిక్ అన్నదమ్ములు 1873లో చికాగోలో వ్యాపారం మొదలుపెట్టి, కొన్నేళ్లకే రసీన్‌కు మార్చారు. మాల్టెడ్ మిల్క్ పొడికి 1883లో పేటెంట్ వచ్చింది. చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ కలిపిచ్చిన ఆ డబ్బా పుట్టిల్లు మన ఊరే! ఇక్కడి హైస్కూల్ ఒకటి ఇప్పటికీ విలియం హార్లిక్ పేరు మీదే ఉంది. పాత ఫ్యాక్టరీ కట్టడాల ముందు ధవళేశ్వరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు నిలబడిపోయారు. వాళ్ల ఊళ్లోనూ హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉంది మరి. "ఇది మా ఊరికి పెద్దన్నయ్య అన్నమాట" అన్నారు.

అక్టోబరులో రూట్ నది దగ్గరికి వెళ్లినప్పుడూ ఆయనే ముందున్నారు. చలికాలం ముందు సాల్మన్ చేపలు సరస్సులోంచి నదిలోకి ఎదురీదుతూ వస్తాయి. ఇవి ఇక్కడి చేపలు కావు, 1960ల్లో తెచ్చి సరస్సులో వదిలారు. లింకన్ పార్కులో రాష్ట్ర ప్రభుత్వ చేపల కేంద్రం ఉంది. అక్కడ వాటిని ఆపి, గుడ్లు తీసి, వాటిని పొదిగించి పిల్లల్ని పెంచే హేచరీలకు పంపుతారు. చేయంత పొడుగు చేప నీళ్లలోంచి ఎగిరి, వెనక్కి పడి, మళ్లీ ఎగురుతుంటే పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేశారు. సముద్రంలోంచి గోదావరిలోకి ఎక్కే పులసకు బ్యారేజీ అడ్డం పడినట్టే, వీటికి ఎగువన హార్లిక్ ఆనకట్ట అడ్డం. ఆ మాట వినగానే పెద్దాయన పులస కథ మొదలుపెట్టారు, బస్సు బయల్దేరే దాకా ఆపలేదు. గాలం వేయాలనుకునేవాళ్లు ముందు లైసెన్స్ తీసుకోండి. నిబంధనలు ఇక్కడ గట్టిగా అమలవుతాయి.

ఇల్లు శుభ్రం చేసుకునే సరుకులు తయారుచేసే ఎస్‌సీ జాన్సన్ కంపెనీ కార్యాలయం టూర్ ఉచితం, ముందే బుక్ చేసుకోవాలి. పేరున్న అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపొందించిన ఈ భవనం 1939లో పూర్తయింది. లోపలి స్తంభాలు అడుగున 9 అంగుళాలే, పైన మాత్రం 18 అడుగులకు మించి విచ్చుకుంటాయి. అవి నిలుస్తాయంటే అధికారులు నమ్మలేదు. 12 టన్నులు మోస్తే చాలన్నారు. 1937లో పరీక్షకు పెట్టిన స్తంభం 60 టన్నులు మోసింది. సివిల్ ఇంజనీర్‌గా రిటైరైన ఒక బాబాయి గారు గైడును వదలకుండా ప్రశ్నలడిగి, మా అందరికీ మళ్లీ తెలుగులో చెప్పారు. ఈ టూర్ ఏటా ఉండి తీరాలని కార్యవర్గం అభిప్రాయం.

డెన్మార్క్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు తెచ్చిన క్రింగిల్ కూడా రుచి చూశాం. వెన్న రాసి మడతలు పెట్టిన పిండితో చేసే ఈ తీపి 2013 నుంచి రాష్ట్ర అధికారిక పేస్ట్రీ. మామూలుగా పిండిలో గుడ్డు ఉంటుంది. తిననివాళ్లు కొనేముందు బేకరీలో అడగండి.

నార్త్ బీచ్ గురించి ఒక గట్టి మాట. సరస్సే కదా అనుకోకండి. పడమటి గాలి బలంగా వీస్తే పైనున్న వెచ్చటి నీరు లోపలికి కొట్టుకుపోయి, అడుగునున్న చల్లటి నీరు ఒడ్డుకొస్తుంది. నిన్న హాయిగా ఉన్న నీళ్లే ఇవాళ జిల్లుమంటాయి. అలలు లేచిన రోజు లోపలికి లాగే ప్రవాహాలూ ఉంటాయి, ఈత వచ్చినవాళ్లకూ ప్రమాదమే. లైఫ్‌గార్డులు ఎగరేసిన జెండా రంగు చూడందే పిల్లల్ని దింపొద్దు. సరస్సులోకి కట్టిన పియర్ల పక్కన అసలే వద్దు.

విండ్ పాయింట్ లైట్‌హౌస్ ప్రయాణం వాన వల్ల ఆగింది. 1880 నాటి ఈ దీపస్తంభం 108 అడుగుల ఎత్తు. వేసవిలో కొన్ని ఆదివారాలు మాత్రమే పైకి ఎక్కనిస్తారు. వచ్చే ఏడాది మొదటి కార్యక్రమం ఇదే. మెట్లు ఎక్కలేని పెద్దలకు కింద పచ్చికలో పులిహోర, పెరుగన్నంతో కూర్చునే ఏర్పాటు ఉంటుంది.

జమాఖర్చులు కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు. బస్సు ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువైంది కాబట్టి, వచ్చే ఏడాది సొంత కార్లలో కలిసి వెళ్దామని ప్రతిపాదిస్తున్నాం. వేసవిలో అమ్మానాన్నలు వస్తున్నవాళ్లు తేదీలు ఇప్పుడే చెప్పండి, దాన్నిబట్టే టూర్లు బుక్ చేస్తాం. కార్లలో చోటున్నవాళ్లు కూడా పేర్లివ్వండి.

కార్యదర్శి