రాజీనామా చించేశాను

ఒరేయ్ పిలకా,

రెండు నెలలు ఉత్తరం రాయలేదు, తప్పు నాదే, ఎంతైనా తిట్టుకో. ఇంట్లో అందరూ బాగున్నారు, అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది. మిగతావి తర్వాత. రాజీనామా రాసి పెట్టుకున్నానని పోయినసారి చెప్పాను కదా, చించేశానురా!

రోజుకి 40 ఫైళ్లన్న టార్గెట్ గుర్తుందిగా? ఎందుకు 40 అని అడిగితే రెండేళ్లుగా ఒకటే జవాబు, "పైనుంచి వచ్చింది". పోయిన నెల కొత్త మేడమ్ వచ్చారు. మొదటి వారమే నన్ను కూర్చోబెట్టి లెక్క చెప్పారు. మేం ఆరుగురం, రోజూ వచ్చేవి 240. ఒకరు 30 దగ్గర ఆగితే, ఐదు రోజుల్లో 50 మంది తమ డబ్బు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతారు. ఆ 50 మందీ ఇన్నాళ్లూ నా కంటికి కనబడలేదురా.

తర్వాత, "ఇది ఆఫీసుకి కావలసింది. మరి నీకేం కావాలి?" అన్నారు. నోట మాట రాలేదు. మూడో బెంచీలో మనం సున్నపు గోడ మీద రాసుకున్నది గుర్తొచ్చింది. కొత్తవాళ్లకి పని నేర్పాలనుంది మేడమ్ అన్నాను. వెంటనే గడువు పెట్టేశారు: మూడు నెలల్లో ఇద్దరు, తప్పుల్లేకుండా రోజుకి 30 చేయాలి. ప్రతి శుక్రవారం పది నిమిషాలు కూర్చుని ఎక్కడిదాకా వచ్చిందో మాట్లాడుకోవాలి.

ఇంటికొచ్చి దీని గురించి తెగ చదివాను. "చేతనైనంత చెయ్యి" అనడంకన్నా కచ్చితమైన, కాస్త కష్టమైన లక్ష్యం ఇస్తేనే మనిషి ఎక్కువ చేస్తాడని ఎడ్విన్ లాక్ అనే మనస్తత్వవేత్త 1968లోనే రాశాడు. ఇంకోటి విను, ఇద్దరు పరిశోధకుల వాదన. లక్ష్యాన్ని పనిచేసేవాళ్లతో కలిసే పెట్టాలని మిరియం ఎరెజ్, పైవాళ్లు పెట్టినా అంతే పనిచేస్తుందని గ్యారీ లాథమ్. వాదించుకుంటూ కూర్చోకుండా, లాక్‌ని మధ్యవర్తిగా పెట్టుకుని ఇద్దరూ కలిసి ప్రయోగాలు చేశారు, 1988లో అచ్చయ్యాయి. తేడా ఎక్కువగా చెప్పే తీరులో ఉందట! లాథమ్ లక్ష్యంతో పాటు కారణం కూడా చెప్పేవాడు, ఎరెజ్ ప్రయోగాల్లో మాత్రం ముక్తసరిగా "ఇంత చెయ్యండి" అనేవాళ్లు. చదువుతుంటే ఆ రెండేళ్లు తలుచుకుని ఏడుపొచ్చింది. పాత సారు మీద కోపం కూడా... ఆయనకైనా ఎవరు చెప్పారు పాపం? నాకేం కావాలో నేనూ ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు.

నువ్వు చెప్పావా? ఆ డిజైన్ పని మీద ఎంత ఇష్టమో నాకు తెలుసు, మీ బాస్‌కి తెలుసా? ఈ వారమే అడుగు. గోడ మీద రాసింది నీ చేతిరాతే, మర్చిపోకు.

అన్నట్టు, నిన్న మా కొత్తమ్మాయి 31 చేసింది, ఒక్క తప్పు లేదు! ఆ పిల్ల మొహం చూడాల్సింది, నేనైతే... ఆగు, బాబాయి పోస్టు డబ్బా వైపు వెళ్తున్నాడట, గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు. మిగతాది రేపు రాస్తా.

నీ
బొంగరం