కుర్చీల పంచాయితీ

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూశాను. "యేసుని మీరే రాజులకు రాజంటారు, మళ్లీ పదవులు వద్దన్నాడనీ మీరే అంటారు, ఏది నమ్మాలి?" అన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలదని ఉత్తరం రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో.

ముందు నా ఘనకార్యం విను. పోయిన నెల మా చర్చి వార్షికోత్సవానికి కుర్చీల పని నాకు అప్పజెప్పారు. ముందు వరసలో నాలుగు సోఫాలు, వాటి మీద తెల్లగుడ్డలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, ఆ వెనక చాపలు. ఏ సోఫాకి ఎవరి పేరు అంటించాలన్న దగ్గర మొదలైంది టెన్షన్. ఒక పెద్దాయన తన చీటీ రెండో సోఫాకి ఉందని చూసి భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయాడు. నేనేమన్నా తక్కువా? మొదటి సోఫాకి మా మామయ్య పేరు అంటించింది నేనే! తీరా ఆరోజు చదివింది బైబిల్లో లూకా సువార్త 14వ అధ్యాయం. విందుకి పిలిస్తే అగ్రపీఠం మీద కూర్చోకు, నీకంటే ఘనుడొస్తే సిగ్గుపడి చివరికి పోవాల్సి వస్తుంది అన్న మాట. నా కాలివేళ్లు నేనే చూసుకుంటూ కూర్చున్నా.

ఇంటికొచ్చి మార్కు సువార్త మళ్లీ తీశాను. యేసు తన చావు గురించి శిష్యులకి మూడుసార్లు చెబుతాడు. మూడుసార్లూ వాళ్లకి ఎక్కలేదు. రెండోసారి చెప్పాక, కపెర్నహూము అనే ఊళ్లో ఇంటికి చేరి "దారిలో దేని గురించి వాదించుకున్నారు?" అని అడిగాడు. ఒక్కడూ నోరు మెదపలేదు. మనలో ఎవరు గొప్ప అని పోట్లాడుకున్నారు మరి, ఏం చెబుతారు! ఆయన కూర్చుని, ఓ చిన్నపిల్లవాణ్ణి తెచ్చి వాళ్ల మధ్య నిలబెట్టి, ఎత్తుకున్నాడు. పిల్లాడనగానే మనకి అమాయకత్వం గుర్తొస్తుంది. ఆ కాలంలో పిల్లాడంటే ఎక్కడా మాట చెల్లనివాడు. ఇలాంటివాణ్ణి చేర్చుకుంటే నన్ను చేర్చుకున్నట్టే అన్నాడు.

మూడోసారి మరీ ఘోరం. యెరూషలేము దారిలో శిష్యుల్లో ఇద్దరు, జెబెదయి కొడుకులు యాకోబు, యోహాను వచ్చి, నీ మహిమలో ఒకడు కుడివైపు, ఒకడు ఎడమవైపు కూర్చునేలా చూడు అన్నారు. (మత్తయి సువార్తలో ఈ సిఫారసుకి వచ్చింది వాళ్లమ్మ. మనకి తెలియని వ్యవహారమా!) మిగతా పదిమంది శిష్యులకి ఒళ్లు మండింది. న్యాయం కోసం కాదురా, తమకంటే ముందు అడిగేశారని నా అనుమానం. అప్పుడే చెప్పాడు: లోకంలో పాలకులు జనం మీద పెత్తనం చేస్తారు, మీలో అలా కుదరదు, మొదటివాడు కావాలనుకునేవాడు అందరికీ దాసుడు కావాలి అని. లూకాలో ఇంకో చురక ఉంది. అలా పెత్తనం చేసేవాళ్లని ఉపకారులంటారట! ఊరికే అన్న మాట కాదు, ఈజిప్టుని ఏలిన మూడో టాలెమీ బిరుదే అది, గ్రీకులో యూఎర్గెటీస్. మన ఫ్లెక్సీల మీద "పేదల పెన్నిధి" ఉంటుంది చూడు, అలాగన్నమాట.

అసలు దెబ్బ మార్కు 15లో ఉంది. సిలువ దగ్గర ఆయనకి కుడివైపు ఒకడు, ఎడమవైపు ఒకడు. ఇద్దరూ బందిపోటు దొంగలు. ఆ చోట్లు అడిగిన అన్నదమ్ములు ముందు రాత్రే, ఆయన్ని పట్టుకున్నప్పుడు, అందరితో పాటు పారిపోయారు. ఎన్నిసార్లు చదివినా ఇక్కడ ఆగిపోతాను.

ఇక నీ రాజు సంగతి. ఐదు రొట్టెలతో ఐదువేల మందికి పెట్టాక, జనం బలవంతంగా రాజుని చేద్దామని చూశారు. ఆయన ఒంటరిగా కొండెక్కిపోయాడు. చివరి రాత్రి తువాలు నడుముకి కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగాడు. పనివాళ్లు చేసే పని అది. శిష్యుల్లో ఒకడైన పేతురు ఒప్పుకోకపోవడం నాకు సహజంగానే అనిపిస్తుంది, పెద్దవాళ్లు మన కాళ్లు ముట్టుకుంటే మనం ఊరుకుంటామా? యూదుల రాజు అన్న బోర్డు చివరికి సిలువ శిక్ష వేసిన రోమా గవర్నరు పిలాతే రాయించాడు, మూడు భాషల్లో, సిలువ మీద. రాజు కానని ఆయన అనలేదురా, జనం కట్టబెట్టిన కిరీటాన్ని మాత్రం ముట్టుకోలేదు.

మామయ్య నిన్న ఫోన్ చేసి, వచ్చే ఏడాదీ కుర్చీలు నువ్వే చూసుకో అన్నాడు. చీటీలు అంటించకుండా వేద్దామన్నాను. కాసేపు ఏమీ మాట్లాడకుండా, "మరి నేనెక్కడ కూర్చోవాలిరా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నువ్వు క్రిస్మస్‌కి వస్తున్నావా లేదా? వస్తే చాపలు పరచడానికి ఒక చెయ్యి తోడవుతుంది.

నీ బావ