ఎంపీహెచ్ చదివినవారికి కొలువు ఎక్కడ?

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ పత్రిక విద్యా పేజీలో పీజీ కోర్సుల గురించి వచ్చిన వ్యాసంలో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌కు (ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ) నాలుగు వాక్యాలు కేటాయించి, దానిని ఫిజియోథెరపీకీ ల్యాబ్ టెక్నాలజీకీ మధ్యన వైద్య అనుబంధ కోర్సుల జాబితాలో చేర్చారు. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ముప్పై ఏళ్లు కమ్యూనిటీ మెడిసిన్ (సామాజిక వైద్యం) బోధించి పదవీ విరమణ చేసినవాడిని కనుక, ఆ నాలుగు వాక్యాల్లో ఇమడని సంగతులు కొన్ని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఏటా ప్రవేశాల కాలంలో బీడీఎస్, నర్సింగ్, ఫార్మసీ, బీఎస్సీ పూర్తిచేసిన పిల్లలను వెంటబెట్టుకుని తల్లిదండ్రులు నా దగ్గరకు వస్తుంటారు. వారు అడిగే మొదటి ప్రశ్న, ఇది చదివితే పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చా అని. ఈ డిగ్రీతో రాసుకోకూడదు. రెండో ప్రశ్న, ఏ ఉద్యోగం వస్తుందని. దానికి జవాబు ఒక్క మాటలో చెప్పగలిగేది కాదు.

ముందు ఈ చదువు దేనికోసమో చూడాలి. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే ఐదు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. వారిలో చాలామంది త్వరగానే కోలుకుని ఇళ్లకు వెళ్లారు. అయితే ఎందుకిలా జరిగింది, రేపు ఇంకెవరికి జరుగుతుంది అని ఊరంతా అడిగిన ప్రశ్నకు జవాబు వార్డులో మంచం పక్కన దొరికేది కాదు. పడిపోయినవారు ఏ వీధివారు, ఏ రోజు ఏ వేళకు పడిపోయారు, ఏ నీళ్లు తాగారు, ఏ కూర తిన్నారు అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకుని, అదే వీధిలో ఏమీ కానివారిని కూడా అవే ప్రశ్నలడిగి, రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. జాతీయ పోషకాహార సంస్థ పరీక్షల్లో పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. ప్రయోగశాల చెప్పినదాన్ని వీధిలో సేకరించిన వివరాలతో కలిపి చదవకపోతే అవి అంకెలుగానే మిగిలిపోతాయి. అలా కలిపి చదివే విద్యకే ఎపిడెమియాలజీ అని పేరు. ఎంపీహెచ్‌లో బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకశాస్త్రం), ఆరోగ్య ఆర్థికశాస్త్రం, పర్యావరణ ఆరోగ్యం, కార్యక్రమాల నిర్వహణ కూడా బోధిస్తారు గాని, ఎపిడెమియాలజీ రాకపోతే మిగిలినవి వచ్చినా పెద్దగా ఉపయోగం లేదని నా అభిప్రాయం.

ఈ అవసరం మనకు కొత్తగా వచ్చింది కాదు. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు దెబ్బతింటున్నాయని 1937లోనే వైద్యులు ప్రకటించారు. వంగిపోయిన నడుమును నిటారు చేసే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తాగే నీటిని మార్చడమొక్కటే మార్గం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్గొండ పేరు పెట్టుకున్నామంటే ఆ జిల్లా ఎంత అనుభవించిందో తెలుస్తుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం మాత్రం నేటికీ తేలలేదు.

చదువుకునే చోట్లకు లోటు లేదు. కోల్‌కతాలోని అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ 1932 నాటిది. తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం 1997లో ఎంపీహెచ్ మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో భారత ప్రజారోగ్య సంస్థ 2008లో వచ్చింది; దానిని నెలకొల్పిన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్‌కు తొలి అధ్యక్షులు ఉస్మానియా వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఈ కోర్సు ఉంది. ఎంబీబీఎస్ లేనివారిని కూడా చేర్చుకునే సంస్థలు చాలానే ఉన్నాయి.

చిక్కంతా చదువు పూర్తయ్యాక మొదలవుతుంది. ఎంబీబీఎస్ మీద ఎంపీహెచ్ చేసినవారి దారి వేరు, మిగిలినవారి దారి వేరు. బీడీఎస్ లేదా బీఎస్సీ మీద ఈ డిగ్రీ చేసిన వ్యక్తి జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కాలేడు. ఆ సంగతి చేరేముందే చెప్పడం సంస్థల బాధ్యత. వీరికి దొరికేవి ఎక్కువగా జాతీయ ఆరోగ్య మిషన్‌లో కాంట్రాక్టు కొలువులు, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులు, పరిశోధన సర్వేలు, ఆరోగ్య బీమా సంస్థల్లో పనులు, ఔషధ పరీక్షల సంస్థల్లో డేటా ఉద్యోగాలు. నేను అతిథిగా పాఠాలు చెప్పిన చోట ఎంపీహెచ్ చేసిన ఒక దంతవైద్యురాలు ఆరేళ్లలో మూడు ప్రాజెక్టులు మారింది. నిధులు ఆగినప్పుడల్లా ఉద్యోగమూ ఆగింది. మిరప కోతలకు కూలీలు గుంటూరు వైపు వలస వెళ్లే నెలల్లోనే క్షయ రోగులకు మందులు తప్పిపోతున్నాయని నాకు మొదట చెప్పింది ఆమే. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకు తట్టని విషయమది.

అమెరికా వెళ్లి ఎంపీహెచ్ చేయాలనుకునేవారికి ఒక మాట చెప్పాలి. అక్కడ సాధారణ ఎంపీహెచ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సుల జాబితాలోకి రాదు. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ వస్తాయి. చదువయ్యాక అదనంగా రెండేళ్లు పనిచేసే అవకాశం ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. 2025లో అక్కడి ప్రభుత్వం విదేశాలకు సాయం అందించే యూఎస్ఎయిడ్ సంస్థను మూసివేసి, వ్యాధి నియంత్రణ కేంద్రంలో సిబ్బందిని తగ్గించిన తర్వాత పోటీ ఎలా ఉంటుందో అప్పు చేసే ముందే ఆలోచించుకోవాలి.

మన ప్రభుత్వాలను అడగవలసినది వేరే ఉంది. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం తమిళనాడుకూ ఆంధ్ర ప్రాంతానికీ ఉమ్మడి వారసత్వం. ఆ చట్టంతో పాటు ప్రజారోగ్యానికి ప్రత్యేక అధికారుల శ్రేణిని కూడా తమిళనాడు నిలబెట్టుకుంది. మనం చట్టాన్ని దాచుకుని శ్రేణిని వదిలేశాం. ప్రజారోగ్య నిర్వహణకు ప్రత్యేక కేడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2022లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. వాటిని అనుసరించి రెండు తెలుగు రాష్ట్రాలూ ప్రతి జిల్లాలో, ప్రతి నగరపాలక సంస్థలో కనీసం ఒక శాశ్వత పోస్టుకు ఎంపీహెచ్‌ను అర్హతగా పేర్కొంటూ నోటిఫికేషన్ ఇవ్వాలి.

మీకు కూడా ఒక విన్నపం. ఈసారి ఈ కోర్సు గురించి రాయించేటప్పుడు, గత మూడు బ్యాచ్‌లవారు ఇప్పుడు ఎక్కడ, ఏ జీతానికి పనిచేస్తున్నారో ఒక్కొక్క సంస్థనూ అడిగించి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు అచ్చువేయండి. చెప్పడానికి నిరాకరించిన సంస్థల పేర్లు కూడా వేయండి.

భవదీయుడు,
విశ్రాంత ఆచార్యుడు, కమ్యూనిటీ మెడిసిన్,
గుంటూరు