దసరా సెలవుల్లో పిల్లల్ని సినిమాకి తీసుకెళ్లే ముందు

తల్లిదండ్రులకు, నాన్నమ్మ తాతయ్యలకు నమస్కారం.

పోయిన వారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వేపచెట్టు కింద మూడో తరగతి పిల్లలు ఆడుకుంటున్నారు. దగ్గరికెళ్లి చూస్తే ఒక బాబు చేతులు వెనక్కి విరిచి యూనిఫాం బెల్టుతో కట్టేసి ఉన్నాయి. ఎదురుగా ఉన్నవాడు వాటర్ బాటిల్ మూత తీసి, వాడి ముఖం మీద పోయబోతూ "నిజం చెప్తావా, చస్తావా?" అంటున్నాడు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. బెల్టు విప్పేసరికి మణికట్టు మీద ఎర్రగా చార పడి ఉంది. "గూఢచారి ఆట మేడం" అన్నారు.

కోప్పడలేదు. ఆ గూఢచారి సినిమా ఎక్కడ చూశారని అడిగాను. ఒకడు బాబాయితో బండి మీద ఆంధ్రా వైపు వెళ్లి హాల్లో చూశాడట. రెండోవాడు ఫోన్లో, ముక్కలు ముక్కలుగా.

సినిమాకి వెళ్లొద్దని నేననను. ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడిలో, బడిలో ఒడియా చదివే పిల్లలకి మంచి తెలుగు చెవిన పడే చోట్లలో సినిమా హాలొకటి. కానీ టికెట్ కొనేముందు పోస్టరు మీద సెన్సార్ సర్టిఫికెట్ చూడండి. ఇదివరకు యూఏ అంటే ఒకటే, 12 ఏళ్ల లోపు పిల్లలకి పెద్దల మార్గదర్శనం కావాలని. 2023 చట్ట సవరణతో అది 7+, 13+, 16+ అని మూడైంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లని హాల్లోకి రానివ్వకూడనిది 'ఏ' సర్టిఫికెట్ సినిమాకే. యూఏ 16+ సినిమాకి తొమ్మిదేళ్ల పాపని తీసుకెళ్లినా గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఆ అంకె వేసింది మన కోసమే, ఆగాల్సింది మనమే.

కార్లు గాల్లోకి లేవడం, మేడల మీంచి దూకడం గురించి నాకంత బెంగ లేదు. పిల్లలు వాటిని సర్కస్ చూసినట్టే చూస్తారు. నా భయమంతా కుర్చీకి కట్టేసి నిజం చెప్పించే సీన్లతోనే. గది మూసి ఉంటుంది, కేక దగ్గర్నుంచి వినిపిస్తుంది, పైగా కొట్టేది హీరో. అంటే అది మంచిపనే అని పిల్లలకి అనిపిస్తుంది. నాలుగో తరగతి పాప ఒకతి నన్నడిగింది: "సినిమాలో గేటు దగ్గర కాపలావాణ్ణి ఊరికే చంపేశారు కదా మేడం, వాడికీ ఇంట్లో పిల్లలుంటారు కదా?" ఆ ప్రశ్న మీ ఇంట్లో వస్తే "అది సినిమాలే" అని కొట్టిపారేయకండి. కూర్చోబెట్టి మాట్లాడండి.

ఇంకొకటి. ఆటలో శత్రువు వేషం ఎవరికిస్తున్నారో గమనిస్తున్నాను. సినిమాలో విలన్ది ఏ మతమో, ఏ భాషో, క్లాసులో అలాంటి పిల్లవాడికే ఆ వేషం అంటగడుతున్నారు. తెలుగు, ఒడియా, సవర పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే బడి మనది. ఇది నాకు చాలా బాధగా ఉంది.

ఐదో తరగతి లోపు పిల్లలకి 13+ సినిమా వద్దనే నా మాట. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లయితే ముందు మీరు చూసి, తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీల్లో (ఇంట్లో ఫోన్లో, టీవీలో నెట్ ద్వారా సినిమాలు చూపించే యాప్‌లలో) 13+, ఆపై వాటికి లాక్ పెట్టుకునే వీలుండాలి. ఇవాళే పిన్ పెట్టేయండి. రీల్స్‌లో తిరిగే ముక్కలకి మాత్రం ఏ సర్టిఫికెట్టూ కనబడదు, అక్కడ మీ కన్నే కాపలా.

ఆ ఇద్దరు మగపిల్లలకి నేను వేరే ఆట నేర్పాను. ఇప్పుడు ఒడియా అక్షరాల్లో తెలుగు మాటలు రాసి, రహస్య చీటీలు పంపుకుంటున్నారు. నిన్న నా టేబుల్ మీద కూడా ఒకటుంది: "మేడం, రేపు కూడా ఆడదామా?"

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు