పులికాట్ ఒడ్డున నడకదారి కావాలి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో ట్రెక్కింగ్ అంటే అందరికీ శేషాచలం, తలకోనే. 2022లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ వైపున్న పులికాట్ సరస్సు తీరం కూడా మన జిల్లాలోకి వచ్చింది. దాన్ని మాత్రం కారు అద్దంలోంచే చూసి వచ్చేస్తున్నాం.

చలికాలంలో శ్రీహరికోట రోడ్డు మీద కార్లు ఆపి, ఫొటోల కోసం హారన్లు కొట్టి మరీ ఫ్లెమింగోలను లేపుతున్నారు. ముక్కు నీళ్లలో తలకిందులుగా ముంచి మేత జల్లెడ పట్టుకునే పక్షి అది. బెదిరించి లేపితే మేత పోయినట్టే కదా! అక్కడికి దగ్గర్లోని నేలపట్టు పల్లెవాళ్లను చూడండి. చెరువు నీళ్లలో పెరిగే కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడితే, తరతరాలుగా కాపాడుకొస్తున్నారు. రెట్టలు కలిసిన ఆ నీళ్లే పొలాలకు ఎరువని వాళ్లకు తెలుసు.

అటవీ, పర్యాటక శాఖలకు నా విన్నపం ఒకటే. గూళ్లకు దూరంగా, జాలరి పల్లెల మీదుగా సరస్సు ఒడ్డున ఒక నడకదారి గుర్తించండి. గైడ్లుగా అక్కడి మత్స్యకార యువతనే పెట్టండి. నీళ్లు ఎప్పుడు తగ్గుతాయో, బురదలో కాలు ఎక్కడ దిగబడుతుందో వాళ్లకే బాగా తెలుసు. వలలు ఆరేసే చోట, పడవలు లాగే రేవుల్లో రిసార్టులకు మాత్రం అనుమతి ఇవ్వొద్దు. టికెట్ డబ్బుల్లో వాటా ఆ పంచాయతీలకే దక్కాలి. అక్టోబరులో వలస పక్షులు దిగేలోపే ఈ పని మొదలుపెట్టాలి.

– ఒక పాఠకుడు, తిరుపతి