వీసా వచ్చాక టీకాలంటే ఆలస్యమే

సంపాదకులకు నమస్కారం.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ఆగస్టు మూడో వారానికి తరగతులు మొదలవుతాయి. జూలై వచ్చిందంటే మన ఆసుపత్రుల దగ్గర ఒకే దృశ్యం. చేతిలో యూనివర్సిటీ ఫారం, వారంలో విమానం, పక్కన కంగారుపడే తల్లిదండ్రులు. 'అన్నీ ఈరోజే వేసేయండి డాక్టర్ గారూ' అంటారు. అన్నీ ఒకేరోజు వేసినా కోర్సు పూర్తికాదు. 2024-25లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. అందులో మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎందరుంటారో మీ పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఇంతమందికి ఏటా ఎదురయ్యే ఈ ఇబ్బంది ముందే తెలిసిందే, ముందే తీరేదే. అందుకే ఈ లేఖ.

అందరూ దీన్ని చివరికి నెట్టడానికి కారణం ఉంది. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసాకు టీకాల షరతు లేదు. విమాన ప్రయాణికులకు పెట్టిన కోవిడ్ టీకా నిబంధనను కూడా 2023 మే 12న ఎత్తేశారు. టీకాలు అడిగేది విశ్వవిద్యాలయం, దాని వెనకున్న రాష్ట్ర చట్టం. కాబట్టి కాగితాలు లేకపోయినా ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపరు. అక్కడికి వెళ్లాక విద్యార్థి ఖాతా మీద 'హోల్డ్' పడుతుంది, కోర్సుల రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఎఫ్-1లో ఉన్నవారు ఫుల్‌టైమ్ విద్యార్థులుగానే ఉండాలి. ఎంఎస్‌లో చాలాచోట్ల అంటే సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు. హోల్డ్ తీయించుకోలేక క్రెడిట్లు తగ్గితే చివరికి వీసా హోదాకే ఎసరు.

అన్నిటికంటే ఎక్కువ తికమక ఎంఎంఆర్ దగ్గరే. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఈ మూడింటికీ కలిపి ఒకే టీకా. సాధారణంగా అడిగేది రెండు డోసులు. మొదటి డోసు ఏడాది నిండిన పుట్టినరోజు దాటాక వేసింది అయ్యుండాలి, రెండింటి మధ్య కనీసం 28 రోజులుండాలి. మన పిల్లలకు తొమ్మిదో నెలలో వేసిన తట్టు టీకా ఈ లెక్కలోకి రాదు. అలాగని అది తప్పు టీకా కాదు. పసిపిల్లలకే తట్టు సోకే దేశంలో ఏడాది నిండేదాకా ఆగడం ప్రమాదం. అయితే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఆ వయసులో కొంత మిగిలి ఉండి టీకా పనిని తగ్గిస్తాయి. అందుకే ఏడాదిలోపు డోసును అమెరికాలో లెక్కపెట్టరు.

2003లో పుట్టి ఇప్పుడు ఎంఎస్‌కు వెళ్లే విద్యార్థిని తీసుకోండి. ప్రైవేటు డాక్టరు దగ్గర పదిహేనో నెలలో ఎంఎంఆర్ వేయించి ఉంటే అది ఒకటి. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లో మొదలైన కార్యక్రమంలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు వేసింది ఎంఆర్ టీకా. అందులో గవదబిళ్లల భాగం లేదు. అంటే ఈ విద్యార్థికి తట్టుకు రెండు, రుబెల్లాకు రెండు, గవదబిళ్లలకు ఒక్కటే. న్యూయార్క్ రాష్ట్ర చట్టానికి తట్టుకు రెండు డోసులు, మిగతా రెండింటికీ ఒక్కొక్కటి చాలు. అక్కడైతే గట్టెక్కుతాడు. రెండు పూర్తి ఎంఎంఆర్‌లు అడిగే చోట ఆగిపోతాడు. పక్కింటి అబ్బాయి ఏం వేయించుకున్నాడో అడిగి అదే వేయించుకోవడం ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది. ఎవరి ఫారం వారు చదువుకోవాల్సిందే.

టీకాల కార్డు పోయిన వారు రక్షణ ఉందో లేదో చూపే ఐజీజీ యాంటీబాడీల రక్తపరీక్ష చేయించుకోవచ్చు. ల్యాబులో 'ఐజీజీ' అని నొక్కి చెప్పాలి. ఐజీఎం అన్నది జబ్బు ఇప్పుడు ఉందా అని చూసే పరీక్ష, అది చేయించుకొస్తే డబ్బు వృథా. ఐజీజీలో 'ఈక్వివోకల్', అంటే అటూ ఇటూ తేలలేదని వచ్చినా రక్షణ లేనట్టే లెక్కేస్తారు. నా సలహా ఏమిటంటే, కార్డు లేకపోతే పరీక్షల జోలికి పోకుండా 28 రోజుల తేడాతో రెండు ఎంఎంఆర్‌లు వేయించుకోండి. చిన్నప్పుడు వేసి ఉన్నా అదనపు డోసుతో నష్టం లేదు. చిన్నతనంలో ఆటలమ్మ పోసిన వారికి మాత్రం ఆటలమ్మ టీకా కంటే ముందు ఐజీజీ చూసుకోవడమే మేలు. పాజిటివ్ వస్తే చాలాచోట్ల ఆ రిపోర్టే చాలు.

ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా రెండూ బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసినవి. రెండూ ఒకే రోజు వేర్వేరు చోట్ల వేయించుకోవచ్చు, లేదా 28 రోజులు ఆగాలి. ఇవాళ ఒకటి, పది రోజులకు ఇంకొకటి అంటే రెండోది చెల్లదు, మళ్లీ వేయాలి. గర్భిణులకు ఈ రెండూ వేయకూడదు, వేయించుకున్నాక నెల రోజుల పాటు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. పెళ్లయి వెళ్లే అమ్మాయిలకు ఈ ముక్క తప్పకుండా చెప్పాలి.

ఇక టీబీ. మన దేశం నుంచి వెళ్లే వారిని ఈ పరీక్ష చాలా విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. చేతి మీద సూది పొడిచి 48 నుంచి 72 గంటల్లో వాపు కొలిచే పరీక్ష మనవాళ్లకు అంత నమ్మదగినది కాదు, ఎందుకంటే పుట్టగానే వేసిన టీబీ టీకా బీసీజీ వల్ల కూడా వాపు రావచ్చు. బీసీజీ ప్రభావం పడని రక్తపరీక్ష ఐజీఆర్‌ఏ. అందులో ఎక్కువగా చేసేది క్వాంటిఫెరాన్. దీనికి నాలుగు చిన్న ట్యూబుల్లో ఒక్కో మిల్లీలీటరు చొప్పున రక్తం తీస్తారు. ఆ రక్తంలోని కణాలు బతికుండగానే 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 16 నుంచి 24 గంటలు ఉంచాలి. జిల్లాలో తీసిన నమూనా సరిగ్గా నిల్వ చేయకుండా ఆలస్యంగా హైదరాబాద్ చేరితే 'ఇండిటర్మినేట్' అని వచ్చే అవకాశం ఎక్కువ. అది పాజిటివూ కాదు, నెగటివూ కాదు, మళ్లీ రక్తం ఇవ్వాల్సిందే. ఇంక్యుబేటర్ ఉన్న ల్యాబుకే నేరుగా వెళ్లడం మంచిది. ఈ టీబీ పరీక్షకు రక్తం ఎంఎంఆర్‌కు ముందు గానీ అదే రోజు గానీ ఇవ్వాలి. టీకా ముందు పడితే నాలుగు వారాలు ఆగాలి, లేకపోతే ఫలితం తప్పు రావచ్చు. కొన్ని విశ్వవిద్యాలయాలు అమెరికాలో చేసిన పరీక్షనే ఒప్పుకుంటాయి, కాబట్టి డబ్బు కట్టే ముందు ఫారంలో ఆ వాక్యం ఉందేమో చూడండి.

పాజిటివ్ వస్తే ఇల్లంతా ఏడుపులు అక్కర్లేదు. ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉండి, లక్షణాలు లేకపోతే అది నిద్రాణమైన టీబీ. ఎవరికీ అంటదు. నాలుగు నెలలు రోజూ రిఫాంపిసిన్, లేదా వారానికోసారి చొప్పున 12 వారాలు ఐసోనియజిడ్, రిఫాపెంటిన్ కలిపి, ఇలాంటి చికిత్సలు ఉన్నాయి. పాజిటివ్‌ను దాచిపెట్టి ఇంకో ల్యాబులో నెగటివ్ రిపోర్టు కోసం తిరగడం మాత్రం చేయకండి. కొన్నేళ్లకు ఆ టీబీ నిద్ర లేస్తే నష్టపోయేది ఆ పిల్లవాడే.

హెపటైటిస్-బి మూడు డోసులకు మామూలు గడువు ఆరు నెలలు. మరీ తొందరైతే మొదటి రెండింటి మధ్య 4 వారాలు, చివరి రెండింటి మధ్య 8 వారాలు, మొత్తం మీద 16 వారాలకు తగ్గకుండా ముగించవచ్చు. గాయమైనప్పుడు వేసే టీటీని, ఇప్పుడు వేస్తున్న టీడీని, ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు మూడింటికీ కలిపి వేసే టీడాప్ కింద చూపించకూడదు, వాటిలో కోరింత దగ్గు భాగం లేదు. టెక్సస్‌లో చేరే 22 ఏళ్ల లోపు వారికి మెదడు పొరల వాపును అడ్డుకునే మెనింజోకాకల్ టీకా చట్టప్రకారం తప్పనిసరి. గత అయిదేళ్లలో వేసింది కావాలి, సెమిస్టర్ మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు పడి ఉండాలి. బీటెక్ ముగించి 21 ఏళ్లకే వెళ్లేవారు దీన్ని మరిచిపోతారు. అదే టెక్సస్‌లో 2025లో తట్టు చెలరేగి 762 మందికి సోకింది, ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఫారం నింపడం మొక్కుబడి వ్యవహారం కాదు.

ఫారం దగ్గర జరిగే పొరపాట్లు చిన్నవే, తిప్పలు పెద్దవి. అమెరికాలో నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు. మన అలవాటులో 05/08 అంటే ఆగస్టు 5, వాళ్లకది మే 8. రెండు డోసుల్లో ఒకటి ఇలా, ఒకటి అలా రాస్తే మధ్య ఎడం తప్పిపోతుంది. నెలను అక్షరాల్లో రాయించండి. చిన్ననాటి కార్డు మీద పిల్లవాడి పేరే ఉండదు, 'బేబీ ఆఫ్' అని తల్లి పేరు ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ వేసి, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉండాలి. టీకా సీసా మీది స్టిక్కర్ కార్డుకు అంటిస్తే బ్యాచ్ నంబరు గొడవ ఉండదు. వేయని టీకాకు పాత తేదీ రాసివ్వమని డాక్టర్లను అడగకండి, డాక్టర్లూ రాయకండి.

రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలకు నా విన్నపం ఇది. ఆఫ్రికా వెళ్లేవారికి హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఎల్లో ఫీవర్ టీకా వేసి అంతర్జాతీయంగా చెల్లే పుస్తకం ఇచ్చే ఏర్పాటు ఉంది. విదేశీ చదువులకు వెళ్లేవారికి కూడా ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో జనవరి నుంచి జూలై వరకు వారానికి రెండు రోజులు ఒక కౌంటర్ తెరవండి. టీకాల ఖర్చు విద్యార్థుల దగ్గరే తీసుకోండి, ధరల బోర్డు మాత్రం బయట పెట్టండి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల ఫ్రిజ్, శిక్షణ పొందిన నర్సు, సంతకం పెట్టే వైద్యాధికారి, అందరికీ ఒకేలా ఉండే ఇంగ్లిష్ సర్టిఫికెట్ ఉంటే చాలు. ఇంజినీరింగ్ కళాశాలలు నాలుగో ఏడాది మొదట్లోనే, అప్లికేషన్లు పెట్టే రోజుల్లోనే, విద్యార్థుల చేత పాత టీకాల కార్డులు వెతికించి ఫొటో తీయించాలి. అప్పుడు హెపటైటిస్-బి మూడో డోసు కూడా ఇక్కడే పూర్తవుతుంది.

ఇట్లు,
ఒక పిల్లల వైద్యుడు,
హనుమకొండ