పచ్చ చుక్క వెలుగుతోంది, మాట మాత్రం రావడం లేదు

కస్టమర్ కేర్ వాళ్లకి,

మీ యాప్‌లో అమెరికా పోలీసు, ఫైర్ రేడియో వినిపించడం లేదని మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి మూడూ ఇంగ్లీషులో రాశాను. మూడింటికీ ఒకటే జవాబు. యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి, ఇంటర్నెట్ స్పీడు చూసుకోండి, ఇయర్‌ఫోన్స్ మార్చి చూడండి. మార్చాను. కొత్తవి కొని మరీ మార్చాను. వాటిలో ఘంటసాల పాటలు బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయి, మీ ఛానల్ తప్ప. బిల్లు మీద మీ సపోర్టు ఆఫీసు గచ్చిబౌలి అని ఉంది, పోయిన వారం ఫోన్ చేసిన అమ్మాయి కూడా చక్కగా తెలుగులో మాట్లాడింది. అందుకే ఈసారి తెలుగులోనే రాస్తున్నా, కనీసం మిషన్ కాకుండా మనిషి చదువుతారేమోనని.

మూడేళ్లుగా మీ యాప్‌కి ఏడాదికి 2,400 రూపాయలు కడుతున్నాను. మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఓ చిన్న ఊళ్లో ఉంటుంది, ఆ ఊరి పోలీసు, ఫైర్ రేడియో వినడానికి. ఇదేం పిచ్చి అని మీరు అడగక్కర్లేదు, మా ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది. నేను ఈసీఐఎల్‌లో ముప్పై రెండేళ్లు సెట్లు విప్పి బిగించి రిటైరైన మనిషిని, హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకి రేడియోలో మాట్లాడుకునే వాళ్ల లైసెన్సు ఉంది, సోమాజిగూడలోని అమెచ్యూర్ రేడియో సంస్థలో మోర్స్ కోడ్ నేర్చుకున్న బాపతు. చెవిలో కాస్త గరగర లేకపోతే మాకు నిద్ర పట్టదు. అలాగని ఇక్కడి పోలీసు సెట్టు వినే జోలికి ఏనాడూ పోలేదు. మన దగ్గర లైసెన్సు లేకుండా వైర్‌లెస్ సెట్టు ఇంట్లో పెట్టుకోవడమే 1933 నాటి చట్టం నుంచీ నేరం. అమెరికాలో అలా కాదు, తాళం వేయని, అంటే రహస్య కోడ్‌లోకి మార్చని పోలీసు, ఫైర్ రేడియోని జనం వింటే తప్పు లేదని వాళ్ల 1986 నాటి కేంద్ర చట్టమే ఒప్పుకుంది. అక్కడ ఎవరో ఒక ఆసక్తిపరుడు తన ఇంట్లో స్కానర్ అనే రేడియో రిసీవర్ పెట్టి, దాన్ని కంప్యూటర్‌కి తగిలించి, ఉచితంగా పంపిస్తాడు. దాన్ని మీరు మాకు అమ్ముతారు. అమ్ముకోండి, నాకేం అభ్యంతరం లేదు, ఏదో ఒకటి వినిపించినంత కాలం.

దాని విలువ మీకు తెలీదు కాబట్టి ఒకటి చెప్తాను. రెండేళ్ల కిందట దసరా సెలవులప్పుడు, రాత్రి తొమ్మిదిన్నర, అంటే అక్కడ పొద్దున తొమ్మిది. భోంచేసి మంచం మీద ఒరిగి వింటున్నాను. ముందు రెండు శ్రుతుల్లో టోన్ పడింది, అది పడితే ఏదో ఒక ఫైర్ స్టేషన్ని లేపుతున్నారని. తర్వాత డిస్పాచర్, అంటే కంట్రోల్ రూమ్ నుంచి ఇంజన్లని పంపించే ఆవిడ గొంతు. ఆ గొంతు నాకు మా మేనకోడలి గొంతంత అలవాటు. ఇంజన్ నంబరు చెప్పి, అపార్ట్‌మెంట్‌లో ఫైర్ అలారం అని చెప్పి, వీధి పేరు చెప్పింది. మా అమ్మాయి వీధే. బిల్డింగ్ నంబరూ వాళ్లదే. ఒళ్లంతా చల్లబడిపోయింది. ఫోన్ చేస్తే "ఏంటి నాన్నా, ఇంకా పడుకోలేదా" అంది. కారిడార్‌లో అలారం మోగుతోందట, వారానికోసారి మోగేదేగా అని పిల్లాడికి ఇడ్లీ తినిపిస్తూ కూర్చుంది. "ఫైరింజన్ బయల్దేరింది, ముందు వాణ్ణి ఎత్తుకుని కిందికి దిగు" అని అరిచాను. అది మెట్లు దిగుతుండగానే సైరన్ ఫోన్లో నాకూ వినిపించింది. చివరికి తేలిందేమిటంటే పై అంతస్తులో గుంటూరు వాళ్లు కిటికీలన్నీ మూసుకుని కారప్పొడికి ఎండుమిరపకాయలు వేయించారు! నవ్వుకున్నాం గానీ, ఆ రోజు నుంచి మా అల్లుడు దీన్ని పిచ్చి అనడం మానేశాడు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో పోలీసు ఛానల్ మూగబోయింది. ఏప్రిల్‌లో ఫైర్ కూడా. మీ తెర మీద మాత్రం పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది, పక్కన లైవ్ అని. ఒక ఆదివారం పట్టుబట్టి నాలుగు గంటలు పెట్టుకుని కూర్చున్నాను, మా గోడ గడియారం చప్పుడు తప్ప ఒక్క మాట లేదు. సరే, ఆ ఛానల్ పంపించే ఆయనకే మెయిల్ రాశాను. రెండు ముక్కల్లో జవాబిచ్చాడు పాపం, ఊరంతా ఎన్‌క్రిప్షన్‌కి మారింది, అంటే మాటకి తాళం వేసేశారు, నా స్కానర్ తెర మీద ఈఎన్‌సీ అనే అక్షరాలు తప్ప ఏమీ రావడం లేదు, ఈ సంగతి యాప్ వాళ్లకి అప్పుడే చెప్పాను అని. అంటే మీకు ముందే తెలుసు.

తెలిసీ మీరు చేసిన పని చూడండి. నేను చాట్‌లో అడిగితే, మీరు వినే ఊరు డిజిటల్‌కి మారింది సార్, మా డిజిటల్ ప్యాక్ తీసుకుంటే మూగబోయిన ఛానళ్లు మళ్లీ వినిపిస్తాయి అని రాశారు. స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది, దీనికి జత చేస్తున్నా. ఆశ పోదు కదా, వీళ్లెక్కడైనా తాళం లేని ఛానల్ పట్టారేమో అనుకుని 3,600 కట్టాను. నిశ్శబ్దమే, కాకపోతే ఇప్పుడు ఖరీదైన నిశ్శబ్దం.

డిజిటల్ వేరు, ఎన్‌క్రిప్షన్ వేరు. ఇది మీకు తెలీదని నేను నమ్మను గానీ, తెలీనట్టు నటిస్తున్నారు కాబట్టి చెప్తున్నా. కోఠీ గుజరాతీ గల్లీలో ఇద్దరు షాపువాళ్లు మార్వాడీలో బేరమాడుకుంటుంటే నాకు అర్థం కాదు. ఆ భాష నేర్చుకుంటే అర్థమవుతుంది. పీ25 లాంటి డిజిటల్ పద్ధతి అలాంటిది, సరైన స్కానర్ ఉంటే వినొచ్చు. అదే ఇద్దరూ షట్టర్ దించి లోపల మాట్లాడుకుంటే నేను ఎన్ని భాషలు నేర్చి ఏం లాభం? ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో 256 బిట్ల తాళంచెవి ఉంటుంది, దాన్ని వాళ్ల సెట్లలోనే ఎక్కిస్తారు, అది లేకుండా విప్పడం మీ వల్లా కాదు, మీ తాత వల్లా కాదు. విప్పగలిగితే అది ఇంకో నేరం. ఇక మీ ప్యాక్ దేనికి?

పోలీసులు తాళం వేసుకోవడం మీద నాకు పెద్ద గొడవ లేదు. రోడ్డు మీద ఆపిన మనిషి పేరు, పుట్టిన తేదీ, లైసెన్సు నంబరు గాల్లో గట్టిగా చదువుతుంటే హైదరాబాద్‌లో కూర్చుని నేను వినడం ఏం మర్యాద? ఫైర్ సంగతి మాత్రం మింగుడు పడదు. మంట ఆర్పడంలో రహస్యం ఏముంటుంది, పైగా పక్క ఊరి ఇంజన్ సాయానికి వచ్చినప్పుడు దాని సెట్లో అదే తాళంచెవి లేకపోతే వాళ్లకీ వినిపించదు. సరే, అది ఆ ఊరి కౌన్సిల్ తేల్చుకోవాల్సిన పంచాయితీ, మీది కాదు.

మీరు తేల్చాల్సింది వేరే ఉంది. ఈ తాళాలు నిన్నటి ముచ్చట కాదు. 2020 అక్టోబర్‌లోనే కాలిఫోర్నియా న్యాయశాఖ అక్కడి పోలీసులకి చెప్పింది, జనం వ్యక్తిగత వివరాలు బహిరంగంగా వెళ్లకూడదు, ఎన్‌క్రిప్ట్ చేస్తారో ఇంకో దారి చూసుకుంటారో మీ ఇష్టం అని. 2021 జనవరిలో పాలో ఆల్టో పోలీసులు మొత్తం మూసేశారు, విమర్శలు వచ్చాక 2022లో మళ్లీ తెరిచారు. షికాగోలో ఇప్పుడు వినిపించేది అరగంట పాత మాట. న్యూయార్క్ వాళ్లు 2023 జులైలో బ్రూక్లిన్‌తో మొదలుపెట్టారు. ఏఎస్ రావు నగర్‌లో కూర్చున్న రిటైర్డ్ మనిషికి ఇవన్నీ తెలిసినప్పుడు, ఇదే వ్యాపారం చేసుకునే మీకు తెలియకపోవడమా? మీ ప్రకటనలో ఇప్పటికీ అమెరికా పోలీసులు లైవ్ అని ఎర్రక్షరాల్లో ఉంది. ఏ ఊరు వినిపిస్తుంది, ఏ ఊరు వినిపించదు అన్న ఒక్క ముక్క ఎక్కడా లేదు.

ఇదిలా ఉండగా మే నెలలో నా కార్డు నుంచి మళ్లీ 2,400 లాగేశారు. బ్యాంకు నుంచి ముందు రోజు మెసేజ్ వచ్చింది, వెంటనే రద్దు చేద్దామని చూస్తే మీ యాప్‌లో ఆ బటన్ దొరకడానికే ఇరవై నిమిషాలు పట్టింది, నొక్కితే నిజంగా వెళ్లిపోతారా అని ఏడుపు బొమ్మ, తర్వాత సగం ధర ఆఫర్, తర్వాత కారణం రాయమని డబ్బా, అది రాసి పంపితే పేజీ లోడ్ కాలేదు. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్స్ అని 13 రకాల మోసాల జాబితా ఇచ్చింది, అందులో ఈ చందా ఉచ్చు కూడా ఉంది. ఒకసారి చదువుకోండి.

నాకు కావాల్సింది డిజిటల్ ప్యాక్ డబ్బు 3,600, మేలో లాగిన 2,400, మొత్తం 6,000 వెనక్కి. మూగబోయిన ఛానళ్ల పక్కన ఆ పచ్చ చుక్క తీసేసి, ఎన్‌క్రిప్ట్ అయింది, వినిపించదు అని రాయండి. నాలాంటి వాళ్లు ఇంకెంతమంది అలా చెవిలో పెట్టుకుని కూర్చున్నారో. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా కదలకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం వచ్చాక నేనున్న చోటే కేసు వేయొచ్చు, మీ హెడ్డాఫీసు ఏ దేశంలో ఉన్నా సరే. రిటైరైన వాణ్ణి, ఖాళీగా ఉన్నాను, ఇప్పుడు రాత్రిళ్లు వినడానికి కూడా ఏమీ లేదు.

ఇంకొకటి. ఫోన్ చేసిన అమ్మాయి "అంకుల్, మాకిచ్చిన స్క్రిప్టులో అదే రాసుంది, నేనేం చేయను" అంది. ఆ అమ్మాయి పేరు నాకు గుర్తులేదు, అడగొద్దు.

ఇట్లు,
మీ ఖాతాదారు,
ఏఎస్ రావు నగర్, హైదరాబాద్